పీఎంఓలో నా ఇంటర్న్‌షిప్: ఆ స్టేటస్ రిపోర్టులు ఎలా తయారవుతాయంటే

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సైడ్ ఇంటర్న్‌షిప్ చేశా అనగానే జూనియర్స్ అందరూ ఒకటే అడుగుతున్నారు, "అంటే కోడింగ్ ఉండదా అక్కా, ఊరికే పీపీటీలేనా?" అని. కోడింగ్ తక్కువే గానీ ఊరికే మాత్రం కాదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా, కాస్త పెద్దగానే ఉంటుంది మరి.

నేను చేరింది ఒక మోస్తరు కంపెనీలో పీఎంఓ టీమ్‌లో. పీఎంఓ అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీస్. వీళ్లు సొంతంగా ఏ ప్రాజెక్టూ నడపరు, నడుస్తున్న ప్రాజెక్టులన్నీ ఎక్కడిదాకా వచ్చాయి, ఏది ఇరుక్కుంది, పైవాళ్లు ఎక్కడ నిర్ణయం తీసుకోవాలి అన్నది ప్రతివారం ఒకచోట చేర్చి చూపిస్తారు. నా డ్యూటీ ఆ వారపు రిపోర్టుకి డేటా సేకరించడం, టూల్స్ చూసుకోవడం, మీటింగ్ మినిట్స్ రాయడం. సెలెక్షన్ పెద్ద కష్టమేం కాదు, ఎక్సెల్‌లో పివట్, లుకప్ వచ్చా అని చిన్న టెస్ట్ పెట్టారు, తర్వాత ఇంటర్వ్యూలో ఒక్కటి మాత్రం గట్టిగా అడిగారు: "ప్రాజెక్ట్ మేనేజర్ గ్రీన్ (అంతా బాగుంది) అంటున్నాడు, నీ దగ్గరున్న డేటా రెడ్ (ఇరుక్కుంది) అంటోంది, రిపోర్టులో ఏది వేస్తావ్?" నేను ముందు మేనేజర్‌ని అడుగుతా అన్నా. ఏమని అడుగుతావ్ అన్నారు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు, ఏదో చెప్పి బయటపడ్డా, ఇప్పుడు చూస్తే ఆ ఇంటర్న్‌షిప్ మొత్తం ఆ "ఏమని అడుగుతావ్" చుట్టూనే తిరిగింది.

చేరిన కొత్తలో పాత రిపోర్టులు చదవమన్నారు. టీమ్ పని జీరాలో (ఒక్కో పనినీ టికెట్‌గా పెట్టి ట్రాక్ చేసే టూల్), పెద్ద ప్లాన్లు ఎంఎస్ ప్రాజెక్ట్‌లో (షెడ్యూల్ వేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్), రిస్కులూ ఇష్యూలూ ఒక షేర్‌పాయింట్ లిస్టులో, ఇవన్నీ కలిపి చూపించే డాష్‌బోర్డ్ పవర్ బీఐలో. ఇక వీటి మధ్యలో ఎక్కడ చూసినా ఎక్సెలే. మేం కాలేజీలో అజైల్, స్క్రమ్ అని ఊదరగొట్టుకుని వెళ్తాం కదా, అక్కడ టీములు స్ప్రింట్లలోనే, అంటే చిన్న చిన్న విడతల్లోనే పనిచేస్తున్నా పైవాళ్లు చూసేది మాత్రం గాంట్ చార్టే, అంటే పనులన్నీ తేదీల మీద అడ్డ పట్టీలుగా గీసే చార్ట్. హెన్రీ గాంట్ ఆ చార్టుని 1910ల్లో ఫ్యాక్టరీ పనుల కోసం ప్రచారంలోకి తెచ్చాడు, వందేళ్లు దాటినా దాన్ని కదిపినవాడు లేడు. ఎందుకంటే డైరెక్టర్ స్థాయి మనిషికి కావాల్సింది ఒక్కటే, ఆ చివరి డైమండ్ గుర్తు (ప్రాజెక్ట్ పూర్తయ్యే మైలురాయి) ఏ తేదీ మీద ఉంది, పోయినసారికీ ఇప్పటికీ అది జరిగిందా లేదా.

ఆ డైమండ్ జరగడం గురించే ఒకటి చెప్పాలి. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టే ప్రాజెక్ట్ ఒకటి నడుస్తోంది, దాని ప్లాన్ అప్‌డేట్ చేసే పని నాకిచ్చారు. డేటా మైగ్రేషన్ (పాత డేటాని కొత్తదాంట్లోకి మార్చడం) ఒక వారం లేట్ అయిందన్నారు, సరే అని ఆ టాస్క్ ఫినిష్ డేట్ ఒక వారం జరిపా. టెస్టింగ్ కదల్లేదు. గో-లైవ్ (కొత్తది వాడకంలోకి వచ్చే రోజు) అసలే కదల్లేదు. ఫైల్ ఏమైనా పాడైందేమో అనుకుని మళ్లీ తెరిచి చూశా, అంతే. అప్పుడు మా మెంటర్ మేడమ్ వచ్చి ఎడమపక్కన టాస్క్ మోడ్ అని ఒక కాలమ్ ఉంటుంది, అందులో గుండుసూది బొమ్మలు చూడు అన్నారు. చూస్తే సగం టాస్కులకి గుండుసూదే! ఆ బొమ్మ ఉంటే ఆ టాస్క్ మాన్యువల్ షెడ్యూల్‌లో ఉన్నట్టు, అంటే ముందు పని ఎంత లేట్ అయినా ఇది తన తేదీ మీదే కూర్చుంటుంది. ఎంఎస్ ప్రాజెక్ట్ 2010 నుంచి కొత్త టాస్క్ వేస్తే డీఫాల్ట్‌గా మాన్యువల్‌లోనే పడుతుంది, సెట్టింగ్ మార్చుకుంటే తప్ప. చాలామంది మార్చుకోరు, వాళ్లకి అది ఒక అందమైన ఎక్సెల్ షీట్ అంతే.

ఇంకో రకం కూడా ఉంది. ఆటో షెడ్యూల్‌లోనే ఉన్నా స్టార్ట్ కాలమ్‌లో మనం చేత్తో తేదీ టైప్ చేస్తే, అది చెప్పాపెట్టకుండా "ఈ తేదీ కంటే ముందు మొదలవ్వకూడదు" అని ఒక షరతు పెట్టేస్తుంది. పక్కన చిన్న క్యాలెండర్ బొమ్మ వస్తుంది, మౌస్ దానిమీద పెడితే ఆ షరతు కనిపిస్తుంది. దీనివల్ల లేట్ అయితే జరుగుతుంది గానీ ముందు పని తొందరగా అయిపోతే మాత్రం ఇది ముందుకి రాదు, అంటే సంపాదించుకున్న టైమ్ కాస్తా గాల్లో కలిసిపోతుంది. ఇక ముందు టాస్క్ ఏంటో లింక్ ఇవ్వనివి కొన్ని, అవి దేనికీ చలించవు. అందుకే నేనూ మేడమూ కూర్చుని టాస్క్ తర్వాత టాస్క్ "ఇది మొదలవ్వాలంటే ఏది పూర్తవ్వాలి" అని టీమ్‌ని అడిగి లింకులు వేసుకుంటూ వచ్చాం. చివరి గుండుసూది తీసేసరికి గో-లైవ్ మూడు వారాలకు పైనే వెనక్కి పోయింది. అంతవరకూ ఆ ప్రాజెక్ట్ ప్రతివారం గ్రీనే.

ఇలా ఏ పనుల వరుస ముగింపు తేదీని నిర్ణయిస్తుందో లెక్కకట్టే క్రిటికల్ పాత్ మెథడ్ 1950ల చివర్లో డూపాంట్, రెమింగ్టన్ రాండ్ కంపెనీల వాళ్లు చేసిన పని, అలాంటిదే ఇంకో పద్ధతి పర్ట్ అమెరికా నేవీ వాళ్ల పొలారిస్ మిసైల్ ప్రోగ్రామ్‌లో వచ్చింది, ఇవన్నీ మనం పరీక్షకి రాసినవే. గడులు గీసి, ఫ్లోట్ (ముగింపు తేదీ కదలకుండా ఒక పని ఎంత ఆగొచ్చో) లెక్కకట్టి, మార్కులు తెచ్చుకుంటాం. ఆ లెక్క సాఫ్ట్‌వేర్ రెప్పపాటులో చేసేస్తుంది, కానీ ఏ గడి నుంచి ఏ గడికి గీత వెయ్యాలో దానికి తెలీదు. ఆ గీతలు మనుషుల దగ్గర ఉంటాయి, అడిగి రాబట్టుకోవాలి. సిలబస్‌లో లేనిది అదే.

ఇక స్టేటస్ అడగడం. ప్రతివారం టీమ్ లీడ్స్ దగ్గరికి వెళ్లి అడిగి రావాలి. ఒక సీనియర్ లీడ్ ఉన్నారు, చాలా మంచాయన, ఎప్పుడెళ్లినా నవ్వుతూనే మాట్లాడతారు. ఆయనతో నా సంభాషణ ఇలా ఉండేది:

"సార్, రిపోర్ట్ మాడ్యూల్ ఎంతవరకు వచ్చింది?"

"అయిపోయినట్టే తల్లీ, నైంటీ పర్సెంట్ వేసుకో."

పై వారం వెళ్తే మళ్లీ నైంటీ. ఆపై వారం నైంటీఫైవ్, అదీ నా మొహం చూసి పెంచినట్టే అనిపించింది. ఆయన అబద్ధం చెప్పట్లేదు, ఆయన లెక్కలో కోడ్ రాయడం నిజంగానే అయిపోవచ్చింది. కానీ రివ్యూ, టెస్టింగ్, బిజినెస్ వాళ్లు చూసి సరే అనడం ఇవేవీ ఆయన పర్సెంట్‌లో లేవు. మేడమ్‌కి చెప్తే, "పర్సెంట్ అడగకు. ఇంకా ఏం మిగిలాయో పేర్లు అడుగు, ఒక్కోదానికి ఎన్ని రోజులో అడుగు" అన్నారు. పై వారం అలాగే అడిగా. ఆయన ఒక నిమిషం స్క్రీన్ వైపు చూసి, వేళ్ల మీద లెక్కపెడుతూ "రెండు రిపోర్టులకి ఫిల్టర్లు పనిచెయ్యట్లేదు, పాత డేటాతో టోటల్స్ కలవట్లేదు, అది వాళ్ల టీమ్ చెప్పాలి, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ అసలు మొదలే పెట్టలేదు..." అని ఆగి, "అబ్బో, ఇంకా రెండు వారాలు పట్టేలా ఉందే" అని ఆయనే అన్నారు. నేనేం కనిపెట్టలేదు, ప్రశ్న మార్చా అంతే. ఇంటర్వ్యూలో అడిగిన "ఏమని అడుగుతావ్"కి జవాబు ఇదే, అప్పుడు తెలిసుంటే స్టైపెండ్ పెంచమని కూడా అడిగేదాన్నేమో.

పర్సెంట్‌తో ఇంకో తంటా ఏంటంటే ఎంఎస్ ప్రాజెక్ట్‌లో ఉండే పర్సెంట్ కంప్లీట్ అన్నది వ్యవధి లెక్క, పని లెక్క కాదు. పైన సమ్మరీ టాస్క్ పర్సెంట్ కూడా కింద టాస్కుల వ్యవధిని బట్టే వస్తుంది. "ప్రాజెక్ట్ కోఆర్డినేషన్" అని నెలల తరబడి సాగే టాస్క్ ఒకటి వేశారనుకోండి, రోజులు గడిచేకొద్దీ దాని పర్సెంట్ పెంచుతూ పోతారు, దాంతో మొత్తం ప్రాజెక్ట్ పర్సెంట్ కూడా పెరుగుతుంది, అసలు పని ఒక్క అంగుళం కదలకపోయినా సరే. మేం చివరికి చిన్న టాస్కులకి 0, 50, 100 మాత్రమే వాడదాం అని పెట్టాం. మొదలవ్వలేదు అంటే 0, మొదలైతే 50, ఇంకొకరు చెక్ చేసి ఒప్పుకుంటేనే 100. మొరటు పద్ధతే, కానీ మధ్యలో 90 అనే గడే లేదు కాబట్టి వాదన లేదు.

రంగుల సంగతి కూడా ఇంతే. రెడ్, ఆంబర్ (జాగ్రత్త అని), గ్రీన్ అని మూడు ఉంటాయి. పైకి గ్రీన్, లోపల రెడ్ అయితే దాన్ని ఈ ఫీల్డ్‌లో పుచ్చకాయ స్టేటస్ అంటారు, జోకులా అనిపిస్తుంది గానీ మీటింగుల్లో సీరియస్‌గానే వాడేస్తారు. ఎవరూ కావాలని చెయ్యరు, రెడ్ వేస్తే పిలిచి నిలదీస్తారు, పది స్లైడ్లు అదనంగా అడుగుతారు, గ్రీన్ వేస్తే ఎవరూ ఏం అడగరు. అలాంటప్పుడు నేనైనా గ్రీనే వేస్తా. మేడమ్ చేసిన తెలివైన పని ఏంటంటే రంగు మేనేజర్ ఇష్టానికి వదలకుండా రూల్ పెట్టడం, బేస్‌లైన్ తేదీకి, అంటే మొదట ఒప్పుకున్న తేదీకి, ఇప్పటి అంచనాకి తేడా ఇంత దాటితే ఆంబర్, ఇంత దాటితే రెడ్ అని. మేనేజర్ ఒప్పుకోకపోతే రంగు మార్చుకోవచ్చు, కానీ ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఆ ఒక్క వాక్యం రాయడానికి బద్ధకించి చాలామంది ఉన్న రంగు ఉంచేసేవాళ్లు.

జీరా విషయానికొస్తే బయట చూసినంత కష్టమేం కాదు, జేక్యూఎల్ అనే దాని క్వెరీ భాష ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్లకి ఒక పూటలో వచ్చేస్తుంది. నాకు తల తినేసింది మాత్రం ఒకటుంది. బోర్డు మీద డన్ అని ఉన్న టికెట్లు నా రిపోర్టులో పెండింగ్ కింద వస్తున్నాయి. విషయం ఏంటంటే జీరాలో స్టేటస్ వేరు, టికెట్ ఎలా ముగిసిందో చెప్పే రిజల్యూషన్ అనే ఫీల్డ్ వేరు. వర్క్‌ఫ్లో పెట్టినవాళ్లు డన్‌కి మారినప్పుడు రిజల్యూషన్ కూడా పడేలా సెట్ చెయ్యకపోతే ఆ టికెట్ డన్ అయినా అన్‌రిజాల్వ్‌డ్ లిస్టులోనే ఉండిపోతుంది. అడ్మిన్‌కి చెప్పి సరిచేయించే సరికి నా ప్రాణం పోయింది, వర్క్‌ఫ్లో మార్చాలంటే అప్రూవల్ కావాలి, అప్రూవల్ ఇచ్చేవాళ్లు లీవ్‌లో, అదో పెద్ద కథ వదిలెయ్యండి.

తేదీల గోల గురించి మాత్రం వదలను. ఒక టీమ్ వాళ్లు సీఎస్‌వీ (కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) పంపేవాళ్లు, అందులో తేదీలు 03/04 టైపులో. పంపినవాళ్ల లెక్కలో అది ఏప్రిల్ 3. నా ల్యాప్‌టాప్ రీజియన్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంది, కాబట్టి ఎక్సెల్ దాన్ని మార్చి 4గా చదివేసింది, ఒక్క ఎర్రర్ కూడా ఇవ్వలేదు. 13/04 వస్తే 13వ నెల లేదు కాబట్టి దాన్ని మాత్రం టెక్స్ట్‌గా వదిలేసింది. అంటే ఒకే కాలమ్‌లో కొన్ని తప్పు తేదీలు, కొన్ని అసలు తేదీలే కావు. దీన్ని పట్టుకునే చిట్కా మా టీమ్‌లో ఒకతను చూపించాడు: కాలమ్ వెడల్పు లాగి చూడు, అలైన్‌మెంట్ ఎవరూ ముట్టుకోకపోతే నిజమైన తేదీలు కుడివైపు అతుక్కుంటాయి, టెక్స్ట్ అయితే ఎడమవైపు అతుక్కుంటుంది. ఫార్ములా ఏం అక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. ఆ తర్వాత పవర్ క్వెరీలో (డేటాని శుభ్రం చేసుకునే టూల్) టైప్ మార్చేటప్పుడు లొకేల్, అంటే ఏ దేశం పద్ధతో ఇచ్చి మార్చడం మొదలుపెట్టాం, అందరికీ 2024-04-03 లాగా ఏడాది ముందు, తర్వాత నెల, చివర రోజు వచ్చేలా పంపండి అని మెయిల్ పెట్టాం. ముగ్గురు మారారు, మిగతావాళ్లు మారలేదు, మామూలే.

పవర్ బీఐ అనగానే అందరూ రంగురంగుల చార్టులు అనుకుంటారు. నేనూ చేరేముందు వీడియోలు చూసి గేజ్‌లు, మ్యాపులు నేర్చుకుని వెళ్లా, ఒక్కటీ వాడలేదు. నిజంగా పనికొచ్చింది డేట్ టేబుల్ విడిగా కట్టుకోవడం, టేబుల్స్ మధ్య రిలేషన్‌షిప్ సరిగ్గా పెట్టడం, అంతకంటే ముఖ్యంగా స్నాప్‌షాట్. దీని గురించి ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు నాకు. మేం తెచ్చుకునే లిస్టులన్నీ ఇప్పుడు ఎలా ఉందో చూపించేవే. "పోయిన నెల ఇదే టైమ్‌కి ఎన్ని రిస్కులు ఓపెన్ ఉన్నాయి, గో-లైవ్ డేట్ ఏం చెప్పారు?" అని మీటింగ్‌లో అడిగితే చెప్పడానికి ఏం లేదు, పాత విలువ మీద కొత్తది రాసేశారు కదా. అందుకని ప్రతి శుక్రవారం ఆ రోజు డేటా మొత్తం తేదీ వేసి ఒక ఫోల్డర్‌లో పడేసేలా పెట్టాం, పవర్ బీఐ ఆ ఫోల్డర్ మొత్తం కలిపి చదువుకుంటుంది. కొన్ని వారాలు గడిచాక ఒక లైన్ చార్ట్ వచ్చింది: అడ్డంగా రిపోర్ట్ తేదీ, నిలువుగా ఆ రోజు చెప్పిన గో-లైవ్ తేదీ. ప్రాజెక్ట్ సరిగ్గా ఉంటే గీత సమాంతరంగా పోవాలి. ఒక ప్రాజెక్ట్‌ది మెట్లెక్కుతున్నట్టు పైకి పోతోంది, వారం గడిస్తే వారం లేట్. డాష్‌బోర్డ్ మొత్తంలో పైవాళ్లు నిజంగా ఆగి చూసింది ఆ ఒక్క చార్టే, మిగతా పేజీలు పీడీఎఫ్ చేసి పంపమనేవాళ్లు.

డాష్‌బోర్డ్ కొత్త డేటా తెచ్చుకునేటప్పుడు వచ్చే రిఫ్రెష్ ఫెయిల్యూర్ల గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. సోమవారం ఉదయం ఫెయిల్ మెయిల్ వస్తే పదిలో తొమ్మిదిసార్లు ఎవరో ఎక్సెల్‌లో కాలమ్ పేరు మార్చి ఉంటారు. "ఓనర్" ని "ఓనర్ నేమ్" చేస్తారు, వాళ్ల దృష్టిలో అది మెరుగుపరచడం.

ఎర్న్‌డ్ వాల్యూ (అయిన పనిని ప్లాన్‌తో, ఖర్చుతో పోల్చే లెక్క) కూడా కాస్త చేశా, ఇది వైవాలో తప్పకుండా అడుగుతారు కాబట్టి చెప్తున్నా. మొత్తం 1000 గంటల పని అనుకోండి, ప్లాన్ ప్రకారం ఈరోజుకి 500 గంటల పని అవ్వాలి, నిజంగా అయింది 400 గంటల విలువైన పని, దానికి పెట్టింది 500 గంటలు. ఎస్‌పీఐ (అయిన పని బై అవ్వాల్సిన పని) 400 బై 500, అంటే 0.8, సీపీఐ (అయిన పని బై పెట్టిన గంటలు) కూడా 0.8. ఇదే తీరున సాగితే మొత్తానికి 1000 బై 0.8, అంటే 1250 గంటలు పడతాయి. ఇంతవరకు పుస్తకం. కానీ ఎస్‌పీఐలో ఒక కిటుకుంది, ప్రాజెక్ట్ ఎంత లేట్‌గా పూర్తయినా చివరికి అవ్వాల్సిన 1000, అయిన 1000 సమానం కాబట్టి ఎస్‌పీఐ 1 కి వచ్చేస్తుంది. ఆరు నెలలు లేట్ అయిన ప్రాజెక్ట్ కూడా చివర్లో నిక్షేపంగా కనిపిస్తుంది. దీనికోసమే 2003లో వాల్ట్ లిప్కే ఎర్న్‌డ్ షెడ్యూల్ అని టైమ్‌లో కొలిచే పద్ధతి ప్రతిపాదించాడు. మా ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగింది సరిగ్గా ఇదే పాయింట్, ఇది చెప్పాక ఆయన ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

నచ్చనివి కూడా చెప్పాలిగా. టూల్స్‌కి యాక్సెస్ రావడానికే చాలా టైమ్ పోయింది, అంతవరకు పక్కవాళ్ల స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే. ఫాలోఅప్ మెయిల్స్ రాసీ రాసీ "జెంటిల్ రిమైండర్" అన్న మాట చూస్తేనే ఒళ్లు మండేది. ఇంటర్న్ కదా అని ప్రతి మీటింగ్‌కీ మినిట్స్ నా నెత్తినే. ఒక రకంగా అది లాభమే అయింది, ఎందుకంటే మినిట్స్ రాసేవాళ్లకి ఒక హక్కు వస్తుంది, మధ్యలో ఆపి "సార్, ఇది ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి?" అని అడగొచ్చు, ఎవరూ ఏమనుకోరు. ఆ బిల్లింగ్ ప్రాజెక్ట్ మూడు వారాలు వెనక్కి జరిగిందని తేలినప్పుడు కూడా స్టీరింగ్ కమిటీలో (ప్రాజెక్ట్ మీద నిర్ణయాలు తీసుకునే పైవాళ్ల మీటింగ్) నేను చేసింది అదే. ఒకరు ఇంకో ఇద్దర్ని వేద్దాం అన్నారు, కొత్తవాళ్లకి నేర్పడానికి ఉన్నవాళ్ల టైమే పోతుందని లీడ్ వద్దన్నారు, కొన్ని రిపోర్టులు రెండో ఫేజ్‌కి తోసేద్దాం అన్నారు ఇంకొకరు. చివరికి తోసెయ్యడమే ఖాయమైంది, ఏవి తోస్తారో బిజినెస్ వాళ్లు ఏ తేదీలోపు చెప్పాలో మినిట్స్‌లోకి ఎక్కింది. కేకలేం లేవు, నేనైతే యుద్ధం జరుగుతుందనుకున్నా.

వెళ్లాలనుకునేవాళ్లకి: పవర్ బీఐ డెస్క్‌టాప్ ఫ్రీనే, కానీ విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. జీరా క్లౌడ్ 10 మంది దాకా ఫ్రీ, మీ మినీ ప్రాజెక్ట్‌నే అందులో పెట్టి నడిపి చూడండి, ఉత్తుత్తి డేటాతో నేర్చుకున్నదానికంటే అది నయం. సర్టిఫికెట్ కావాలంటే పీఎంఐ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ల సీఏపీఎం అనే మొదటి స్థాయి పరీక్ష రాయొచ్చు, దానికి అనుభవం అడగరు, 23 గంటల ట్రైనింగ్ ఉంటే చాలు. వాళ్లదే పై స్థాయి సర్టిఫికెట్ పీఎంపీ మాత్రం ఇప్పుడే కుదరదు, దానికి ఏళ్ల అనుభవం చూపించాలి. కాలేజీ రిపోర్ట్ కోసం కంపెనీ డాష్‌బోర్డ్ స్క్రీన్‌షాట్ తీసే ఆలోచన పెట్టుకోకండి, ఎవరూ ఒప్పుకోరు. నేను అదే స్ట్రక్చర్‌తో డమ్మీ డేటా తయారుచేసి, ప్రాజెక్టులకి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి మళ్లీ కట్టుకున్నా, మేడమ్ చూసి సరే అన్నాకే రిపోర్టులో పెట్టా. ఈ పని చివరి వారానికి వదిలితే నిద్రుండదు, ముందే మొదలుపెట్టుకోండి.

వచ్చేముందు హ్యాండోవర్ డాక్యుమెంట్ రాయమన్నారు. ప్రతి కాలమ్ ఎక్కడినుంచి వస్తుంది, దాని అర్థం ఏంటి, ఎవరిని అడగాలి, ఏది ఎందుకు తేడా చూపిస్తుంది అని రాసుకుంటూ పోతే డాష్‌బోర్డ్ కంటే అదే పెద్దదైంది. ఒక టీమ్ మాత్రం ఇంకా సొంత పద్ధతిలోనే పర్సెంట్ ఇస్తోంది, 0, 50, 100కి ససేమిరా అన్నారు, వాళ్ల లైన్ పక్కన ఒక స్టార్ గుర్తు పెట్టి వచ్చేశా.